గొళ్లెం తీసిన చెయ్యి

పోయిన వారం స్నేహలతను ఆబిడ్స్ సినిమా హాల్లో, తెర వంక కాకుండా పక్క సీట్లోని భర్త మొహం వంక చూస్తుండగా వదిలి వచ్చాం. అప్పటికి తెర మీద భయపడవలసిందేమీ లేదు. వంటింట్లో కుక్కర్ కూస్తోంది. తల్లి కొత్తిమీర తుంచుతోంది. టీవీలో ఎవరో రేపటి వాన గురించి చెబుతున్నారు. అన్న అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. అయినా రాజేందర్ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, కుర్చీ చేతిని పట్టుకుని కూర్చున్నాడు. కుక్కర్ మూడోసారి కూసింది. తెర మీది అన్న దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్ళి, చెల్లెల్ని బంధించిన గది గొళ్లెం తీసి, గుమ్మం బయట నిలబడ్డ నలుగురు మగవాళ్ళకు దారి ఇచ్చాడు. హాలంతా ఒక్కసారి అరిచింది. రాజేందర్ అరవలేదు. అరుపులన్నీ అణిగాక మెల్లగా కళ్ళు తెరిచాడు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో దయ్యాల సినిమాకి వెళ్ళిన ప్రతిసారీ ఉలిక్కిపడేది రాజేందరే. స్నేహలతకు భయం వేయదు. సగం సినిమా తెర మీద, సగం మొగుడి మొహంలో చూసుకుని నవ్వుకోవడం ఆమెకు అలవాటు. అందుకే ఆమెకు ఒక సంగతి బాగా తెలుసు. రాజేందర్ కళ్ళు మూసుకునేది భయం వచ్చాక. ఇవాళ రాకముందే మూసుకున్నాడు. రాబోయేది తెలిసినవాడే అలా మూసుకుంటాడు.

సినిమా విడుదలై ఎనిమిది రోజులే అయింది. ఒకరిని విడిచి ఒకరు కొత్త సినిమా చూడకూడదని పెళ్ళైన కొత్తలో పెట్టుకున్న ఒట్టు ఇద్దరి మధ్యా ఇంకా ఉందనే ఆమె అనుకుంటోంది.

హాలు బయటికి వచ్చేసరికి ఐదున్నర. శనివారం సాయంత్రం ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణాల ముందు కాలు పెట్టే సందు లేదు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మొజంజాహీ మార్కెట్ వైపు నడిచారు. సినిమా తర్వాత అక్కడ ఒక ఐస్‌క్రీం తీసుకుని రెండు చెంచాలతో తినడం, తింటూ సినిమాకి మార్కులు వేయడం నాంపల్లిలో కిరాయికి దిగినప్పటి నుంచీ వాళ్ళకున్న ఆచారం. హంతకుణ్ణి తాను ఏ సీనులో కనిపెట్టిందో చెప్పుకుంటూ ఆ దారంతా ఎప్పుడూ స్నేహలతే మాట్లాడేది. ఇవాళ రాజేందర్ మాట్లాడుతున్నాడు.

"ఎండ ఇంక తగ్గలే చూడు."

"ఔ."

"బిడ్డకు ఏమన్న పట్కపోదామా? ఉస్మానియా బిస్కెట్లు?"

"ఇంట్ల ఉన్నయి."

"గ్యాస్ సిలిండర్ వాడు లేట్ చేసె గని, లేకుంటే మొదటిసంది చూద్దుం."

"పది నిమిషాలే గద పోయింది" అంది స్నేహలత. అంటూనే తనలో ఏదో కదిలినట్టయింది. పాఠం మధ్యలో పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు ఏ పేజీలో ఉందో ఆమెకు ఒక్కోసారి ఇలాగే తడుతుంది. ఆ పది నిమిషాలను మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

మార్కెట్ రాతి వరండా కింద వాళ్ళ బల్ల ఖాళీగానే ఉంది. ఐస్‌క్రీం ఇచ్చే బాలరాజు అడక్కముందే సీతాఫలం కప్పు, రెండు చెంచాలు తెచ్చి పెట్టాడు.

"ఏం మేడమ్, ఈ వారం దయ్యం పాసా, ఫేలా?"

"ఇంక దిద్దలే బాలరాజూ."

"జర చూసి ఎయ్యున్రి. పోయినసారి దయ్యానికి మూడే ఇస్తిరి. పాపం, ఎంత కష్టపడ్డదో!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

స్నేహలత సంచిలోంచి లావుపాటి అట్ట పుస్తకం తీసింది. ఆ పుస్తకం కొన్నది ఆమె కాదు, ఆడబిడ్డ స్వర్ణ. మొదటి పేజీలో మూడు గడులు గీసి, పైన భయం, తెలివి, న్యాయం అని రాసింది కూడా స్వర్ణే. "ఉత్తగ భయపెడితే దయ్యం సినిమా కాదు వదినే. దయ్యం ఎందుకైందో చెప్పాలె. ఎవరు అన్యాయం చేసిన్రో చెప్పాలె. గప్పుడే మూడో గడిల మార్కులు" అనేది. కొత్త కోడలిగా వచ్చి, వంటింటి గుమ్మం దాటడానికి జంకే స్నేహలతను గాజులు కొనాలన్న నెపంతో మధ్యాహ్నం ఆటలకు లాక్కుపోయింది ఆ పిల్లే. ప్రేమ కథలు చూసి ఏడ్చే స్నేహలతకు, చచ్చిపోయిన ఆడది లేచి వచ్చి అందరి ముందూ నిజం చెప్పే సినిమాల్లో ఎంత ఊరట ఉందో చూపించింది స్వర్ణే. స్వర్ణ సదాశివ కోసం ఇల్లు విడిచి తొమ్మిదేళ్ళయింది. ఆ తర్వాత కథ చెప్పుకునే మనిషి లేక, స్నేహలత చూసిన ప్రతి సినిమా కథనూ అందులో తానే ఉన్నట్టు, 'నేను' అని మొదలుపెట్టి ఆ పుస్తకంలోనే రాసుకుంటోంది. మధ్యలో ఎప్పుడో నాలుగు కాగితాలు చిరిగి ఉంటే, లెక్కలు చేసుకోవడానికి చించావా అని కూతురు అక్షితను తిట్టింది కూడా.

"భయానికి ఎంత?" పెన్ను మూత తీస్తూ అడిగింది.

"ఏడు."

"తెలివికి?"

"ఎనిమిది ఎయ్యి. మంచిగనే తీసిండు."

"న్యాయానికి?"

రాజేందర్ చెంచాతో ఐస్‌క్రీంను కలియబెట్టాడు. "గది నువ్వే ఎయ్యి."

"నాకొకటి అర్థం కాలె" అంది స్నేహలత, కాగితం మీదే చూపు పెట్టి. "లాస్టుల ఆ పిల్ల దయ్యమై వచ్చినప్పుడు మెడల తాళంచెవి ఉంటది. ఎందుకున్నట్టు? దాన్ని పెట్టిన అర్రకు గొళ్లెమే గని తాళం లేకపాయె."

మాట సినిమా మీదికి మళ్ళినందుకు రాజేందర్ మొహం తేటపడింది. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు చెప్పుకుపోయాడు. "అర్రది కాదు, అది ట్రంకు పెట్టెది. నాయనమ్మ చచ్చిపోయే ముందు పిల్ల మెడల కడ్తది గద, నీకు నచ్చినోన్ని చేసుకున్ననాడు తీసుకో బిడ్డా అని. ఆ పెట్టెల పట్టుచీర..."

చెంచా కప్పులోనే ఆగింది.

"ఎక్కడుంది ఆ సీను?" స్నేహలత నెమ్మదిగానే అడిగింది. "మనం లోపలికి పోయేటాలకు నాయనమ్మ ఫోటోకు దండేసి ఉండె."

"ట్రైలర్ల... ట్రైలర్ల చూసిన."

"ట్రైలర్ నేను పదిసార్లు చూసిన. అందుల నాయనమ్మనే లేదు."

పక్క బల్ల దగ్గర ఎవరో పిల్లవాడికి మూతి తుడుస్తున్నారు. రోడ్డు మీద బస్సు హారన్ కొడుతూ మలుపు తిరిగింది. స్నేహలత పెన్ను మూత పెట్టేసింది. నెలకోసారి వచ్చే 'ఆఫీసు ఇన్‌స్పెక్షన్' గుర్తొచ్చింది. మంగళవారం అతను తెల్ల చొక్కా వేసుకోవడం, దాని జేబులో పాప్‌కార్న్ పలుకు దొరకడం, అక్షిత పెట్టిందేమోనని తాను దాన్ని పారేయడం గుర్తొచ్చాయి.  అయినా గొంతు పిల్లల ముందు హాజరు పిలిచే గొంతులాగే వచ్చింది.

"ఎవరామె?"

"నువ్వు అనుకున్నట్టు కాదు స్నేహా."

"నేను ఏమనుకున్ననో నేను చెప్పలె. ఎవరామె?"

రాజేందర్ రోడ్డు వైపు చూశాడు. తర్వాత బల్ల మీద తన చేతుల వైపు చూసుకున్నాడు. "స్వర్ణ" అన్నాడు.

ఇంకే ఆడదాని పేరు చెప్పినా స్నేహలత తట్టుకునేదేమో. లేచి వెళ్ళిపోవడమో, ఏడవడమో, తిట్టడమో ఏదో ఒకటి చేసేది. ఆ పేరు విని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. స్వర్ణ చచ్చిపోయినంత దూరం వెళ్ళిపోయిందని కదా ఇన్నేళ్ళూ అనుకుంది!

"మన స్వర్ణనా?" అంది. "ఎక్కడుంది? మంచిగుందా? సదాశివ మంచిగ చూసుకుంటున్నడా?"

"మంచిగనే ఉంది. ఎల్బీనగర్ దిక్కు ఉంటరు. ఒక్కతే బిడ్డ. నాయన పోయిన దినాలప్పుడు ఫోన్ చేసింది. గప్పటిసంది కలుస్తున్న. కొత్త సినిమా వస్తే లంచ్ టైంల మెట్రో ఎక్కి ఇటు వస్తది."

"ఆరేండ్ల సంది."

"ఔ."

"నాతోటి చూసే ప్రతి సినిమా, ముందుగాల ఆమెతోటి చూసి వస్తవా?"

"అన్నీ కాదు. నెలకొకటి..."

"మరి ఉలికిపడ్తవు గద! నా చెయ్యి పట్టుకుంటవు గద! అదంత యాక్టింగా?"

"కొన్నిసార్లు నిజంగనే భయమైతది రెండోసారి గూడ." అతని గొంతు తగ్గిపోయింది. "కొన్నిసార్లు... నీకు ఖుషీ అయితదని."

స్నేహలతకు నవ్వు వచ్చింది. అందులో తడి లేదు. ఆరేళ్ళుగా ఆమె చీకట్లో మురిసిపోతూ చూసిన సగం సినిమా కూడా కల్పితమే అన్నమాట.

"సరే. చెల్లెను కలిసినవ్. తప్పు కాదు. నాకెందుకు చెప్పలే? ఆమె పేరెత్తి నేను ఎన్నిసార్లు ఏడ్చిననో నీకు ఎరుకే. అడిగిన ప్రతిసారి ఒకటే చెప్తివి. ఆమెకు నా మొహం చూడబుద్ధి కాదని ఎవరితోనో అన్నదంట అంటివి. ఎందుకు చూడబుద్ధి కాదని అడిగితే, నాకేమెరుక, ఆమెనే అడగమంటివి."

"ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం."

"ఇంట్ల అక్షిత ఉంది. ఈడనే చెప్పు. ఇంకొకటి గూడ చెప్పు. ఇయ్యాల అంత సినిమాల వేరే ఏ సీనుకూ కళ్ళు మూసుకోలే. దయ్యం గోడ పట్టుకుని పాకుతుంటే తెరిచే ఉన్నవ్. అన్న గొళ్లెం తీసే సీనుకే ఎందుకు మూసుకున్నవ్?"

రాజేందర్ చెయ్యి కుర్చీ అంచును వెతుక్కుంది. తొమ్మిదేళ్ళ కిందట స్వర్ణ వెళ్ళిపోయిన ఆ వారమంతా స్నేహలత కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది.

అప్పుడు స్వర్ణకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆబిడ్స్‌లో పుస్తకాల దుకాణంలో పనిచేసేది. సదాశివ ప్రెస్సులో ఉద్యోగి. కులం వేరు. రేపు పెళ్ళి రిజిస్ట్రేషన్ అనగా స్వర్ణ వంటింట్లోకి వచ్చి, అక్షిత తల మీద చెయ్యి పెట్టించి, వదిన ఒక్కదానికే ఆ మాట చెప్పింది. స్నేహలత ఇంకెవరికీ చెప్పలేదు, మొగుడికి తప్ప. మొగుడికి చెప్పడం ఇంకొకరికి చెప్పడం కిందికి వస్తుందని ఆమెకు ఆనాడు తోచలేదు. తెల్లారేసరికి మామ రాజనర్సుకు తెలిసిపోయింది. స్వర్ణను కొట్టి వెనక గదిలో వేసి గొళ్లెం పెట్టాడు. ఆ రోజే అఫ్జల్‌గంజ్ బస్సుల దగ్గర సదాశివ చెయ్యి విరగ్గొట్టారు. నాయనకు ఎవరు చెప్పారని స్నేహలత మొగుణ్ణి అడిగింది. అఫ్జల్‌గంజ్‌లో ఎవరో ఇద్దర్నీ చూసి చెప్పిన్రంట అన్నాడు. నమ్మింది. నాలుగో రోజు తెల్లవారుజామున, అత్త లక్ష్మీనర్సమ్మ నల్లా దగ్గర బిందెలు పెట్టుకుంటున్న వేళ, స్నేహలత చప్పుడు కాకుండా ఆ గొళ్లెం తీసి, వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. అంతే. వెనక తలుపు తెరుచుకోవడం చెవులతోనే విన్నది. బయటికి వచ్చి చూస్తే ఏడుస్తానని రాలేదు. ఆ సంగతి కూడా ఆమె ఒక్క మొగుడికే చెప్పుకుంది.

"మీ నాయనకు చెప్పింది నువ్వే" అంది స్నేహలత.

ఆమె అడగలేదు. అందుకే అతను కాదనలేదు. "నాయన నా మొహం చూసి పట్టేసిండు స్నేహా. ఏంరా, ఏం దాస్తున్నవ్ అన్నడు. నాకు నోరు ఆగలే. ఇంత అయితదని నేననుకోలె."

"స్వర్ణ అడగలేదా, ఎవరు చెప్పిన్రని?"

"అడిగింది."

"ఏం చెప్పినవ్?"

"ఆమె నీకొక్కదానికే చెప్పిన అన్నది. నేను..." చెంచా తీసి, మళ్ళీ పెట్టాడు. "నేను కాదనలె."

"కాదనలేదా, ఔనన్నవా?"

"మీ వదినె నోరు జారింది అని చెప్పిన."

కప్పులో ఐస్‌క్రీం కరిగి పాలైంది. సీతాఫలం తొనలు రెండు మూడు పైకి తేలుతున్నాయి. స్నేహలత వాటినే చూస్తూ ఇంకొక్క ప్రశ్న అడిగింది. అడగకుండా ఉంటే బాగుండునని అడుగుతున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది.

"మరి గొళ్లెం? గొళ్లెం ఎవరు తీసిన్రని చెప్పినవ్?"

  రాజేందర్ తల వంచుకుని, "నేనే తీసిన అన్న" అన్నాడు. "లేకుంటే ఆమె నాతోటి మాట్లాడకపోవు. నాకున్నది ఒక్కతే చెల్లె."

"నాకు గూడ ఒక్కతే ఉండె" అంది స్నేహలత.

ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే రాజేందర్‌కు కొంచెం సులువయ్యేది.

"నువ్వు చేసిన పని నా నెత్తిన పెట్టినవ్. నేను చేసిన పని నీ మెడల ఏసుకున్నవ్. ఆరేండ్ల సంది నేను తీసిన గొళ్లెం పేరు చెప్పుకుని చెల్లె పక్కన కూసోని పాప్‌కార్న్ తింటున్నవ్. ఆడికెళ్ళి వచ్చి నా పక్కన కూసోని ఉలికిపడుతున్నవ్. ఎట్ల ఉండగలిగినవయ్యా? నీకు రాత్రి నిద్రెట్ల వచ్చింది?"

"చెప్దామనే అనుకున్న ప్రతిసారి..."

"ఆ సినిమాల అన్న నయం. గొళ్లెం తీసింది నేనే అని సచ్చేముందన్న ఒప్పుకుంటడు."

పుస్తకం అతని వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టింది. "మూడో గడి ఖాళీగ ఉంది. నువ్వే ఎయ్యి."

అతను పెన్ను ముట్టుకోలేదు. అప్పుడే బల్ల మీద బోర్లా పెట్టిన అతని ఫోను గడగడలాడుతూ కప్పు దగ్గరికి జరిగింది. రాజేందర్ చెయ్యి ఒక్క ఉదుటున లేచింది. ఆమె చెయ్యి ముందుగా అందుకుంది. తిప్పి చూస్తే 'విజయేందర్ సార్' అని ఉంది. శనివారం సాయంత్రం వచ్చే ఫోను. ఆఫీసు పని అని అతను ఎప్పుడూ బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడే ఫోను.

"స్నేహా, ఇయ్యి. వద్దు. నా మాట విను" అన్నాడు. ఆ గొంతులో ఇంతసేపూ లేని భయం ఉంది. నటన కాని భయం ఎలా ఉంటుందో స్నేహలత ఇప్పుడే మొదటిసారి చూసినట్టయింది. తాను అనుకున్నవన్నీ అయిపోలేదన్నమాట. ఇంకేదో ఉంది.

ఆకుపచ్చ గుర్తు నొక్కి చెవికి పెట్టుకుంది.

"అన్నా!" అదే గొంతు. కొంచెం బరువెక్కింది, అంతే. "పిక్చర్ అయిపోయిందా? వదినె ఎట్లుంది? ఏం కాలేదు గద? గా గొళ్లెం సీనప్పుడు బయటికి తీసుకపొమ్మంటి గద నిన్ను!"

స్నేహలత ఫోనును చెవికి ఇంకా దగ్గరగా ఒత్తుకుంది. "స్వర్ణా, నేనే" అంది.

 అటు నుంచి ఎవరో చిన్నపిల్ల అమ్మా అని పిలవడం, ఆ పిల్లను ఉష్ అని ఆపడం వినిపించాయి.

"వదినే..."  స్వర్ణ పసిపిల్లతో మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటే ఆచి తూచి అంది. "వదినే, నువ్వు పరేషాన్ కావద్దు. ఫికర్ జెయ్యకు. నేను నిన్ను ఎప్పుడో మాఫ్ చేసిన. నువ్వు మంచిగుంటే చాలు. అన్న పక్కకే ఉన్నడా? ఇయ్యాల గోలీలు ఏసుకున్నవా?"

"ఏం గోలీలు? నాకేమైంది?"

"ఏం కాలె వదినే, ఏం కాలె. దయ్యాల సినిమాలు ఎక్కువ చూసినోళ్ళకు గట్ల అయితదంట, తగ్గుతదంట. నన్ను చూస్తే నీకు ఎక్కువైతదని డాక్టర్ చెప్పిండంట. అందుకే నేను నీ ముందటికి వస్తలేను గని, నిన్ను యాది మరువలే."

చుట్టూ మార్కెట్టు యథాప్రకారం నడుస్తోంది. బాలరాజు ఎవరికో చిల్లర ఇస్తూ నవ్వుతున్నాడు. స్నేహలత బల్ల అంచు పట్టుకుంది.

"నాకు పిచ్చి లేసిందని నీకు ఎవరు చెప్పిన్రు స్వర్ణా?"

అడుగుతూ ఎదురుగా ఉన్న భర్త వంక చూసింది. స్వర్ణ ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పేది ఏమిటో స్నేహలతకు ఇంకా తెలియదు.

రాజేందర్ అప్పటికే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఒకరు చెప్తే నమ్ముదునా వదినే! నువ్వు నీ చేత్తోటి రాసిన కాయితాలు అన్న తెచ్చి చూపెట్టిండు. 'నేను రోజూ రాత్రి లేచి నా బిడ్డ గొంతు మీద చేతులు పెట్టి చూసుకుంటున్న, నన్ను కట్టెయ్యున్రి' అని రాసినవ్. పుస్తకంలకెళ్లి చింపిన నాలుగు కాయితాలు. నా దగ్గరనే ఉన్నయి."